రాగి తీగ చుట్టింది నేనే

కర్నూలు పక్కన కల్లూరు వైపు లారీల వాళ్ళను అడిగితే ఇప్పటికీ ఒక మాట చెబుతారు. ఫలానా భాయ్ చేత ఏసీ పెట్టించుకోవద్దు, ఆయన బిగించిన ఏసీతో ఒక వ్యాను తగలబడింది, లోపల ఒక ఆడమనిషి కాలింది అని. ఆ వ్యాను నాది. ఆ ఆడమనిషి నా భార్య. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

మాది ఆలూరు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. పొలం కౌలుకిచ్చి కర్నూలుకు వచ్చి చాలా ఏళ్ళయింది. నా భార్యకు గర్భసంచి తీసేసిన తర్వాత ఎండ పడేది కాదు. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు వచ్చేవి. తడిగుడ్డ మెడ మీద వేసుకుని గచ్చు మీద పడుకునేది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె చుట్టాల ఊళ్ళు, తిరుపతి, మంత్రాలయం తప్ప వేరే ఊరు చూడలేదు. ఒక పాత వ్యాను కొని, దాంట్లోనే మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించి, ఆమెను దేశమంతా తిప్పుతానని చెప్పాను. వడ్రంగి పని అయిపోవచ్చింది. ఏసీ ఒక్కటే మిగిలింది.

దాని కోసం నెల రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. ఇంజను మీద నడిచే ఏసీ బండి ఆపితే ఆగిపోతుంది. ఇంట్లో గోడకు పెట్టే ఏసీని ఇన్వర్టరు మీద నడపొచ్చు గానీ బండి కుదుపులకు దాని పైపులు వదులైపోతాయట. ఇక మిగిలింది లారీ డ్రైవర్లు క్యాబిన్ మీద పెట్టించుకునేది. నేరుగా బ్యాటరీ మీద నడుస్తుంది, ఇంజను ఆపినా చల్లగా ఉంటుంది. అవి బిగించడంలో కల్లూరు షెడ్డులోని భాయ్‌ని మించినవాడు లేడని అందరూ అన్నారు.

ఆయనకు అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. నేను ఏసీ ఎన్ని టన్నులు పెడదామని అడిగితే ఆయన ఎండలో నిలబెట్టిన బండి దగ్గరికి నడిచాడు. వ్యాను పైకప్పు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"బండి ఆపి ఎన్ని గంటలు నడపాలప్పా?" అన్నాడు.

"రాత్రంతా. మధ్యాహ్నం కూడా."

"ఏసీ ఎంత పెద్దదని అందరూ అడుగుతాండారు. బ్యాటరీ ఎంత పెద్దదని ఎవురూ అడగరు. ముందు ఈ రేకు లోపల మందంగా ఫోమ్ షీటు కొట్టిద్దాం. అద్దాలకు తెరలు వేద్దాం. ఎండను బయటనే ఆపితే చిన్న ఏసీ చాలు. దుడ్లు మిగిలితే అవి బ్యాటరీలో పెట్టు. నీ ఇంటామె తెల్లారిందాకా నిద్రపోతుంది."

నాకు నచ్చింది. రేకు లోపల ఫోమ్ షీటు కొట్టించి, చిన్న ఏసీ అనుకున్నాం. దానికి సరిపడా కేబుల్ బ్యాటరీ నుంచి పైకప్పు దాకా వేశాడు. దాని మీద వడ్రంగి ప్లైవుడ్ కొట్టేశాడు.

ఆ వారంలో నా బామ్మర్ది వచ్చాడు. వ్యానులోకి ఎక్కి, వంగి, అన్నీ చూసి నవ్వాడు.

"ఏం బావా, అక్కకు చంటిబిడ్డ ఊదేంత గాలి పెట్టిస్తాండావంట?"

"చిన్నదైనా చాలంట."

"ఎవురు చెప్పినారు, ఆ సాయిబా? ఆయప్ప ఇంట్లో ఫ్యానన్నా తిరుగుతుందా? లారీ క్లీనర్లు కూడా నీకంటే పెద్దది పెట్టించుకుంటాండారు బావా."

మర్నాడే పెద్ద ఏసీ తెప్పించాను. బ్యాటరీ మాత్రం ముందు అనుకున్నదే. ఆ సాయంత్రం నా భార్య, "ఆ పెద్దాయన చెప్పినట్టు వింటే బాగుండేది కదా" అంది. చేతిలో ఉన్న స్టీలు చెంబు విసిరాను. ఆమె భుజానికి తగిలింది. అదే మొదటిసారి కాదు. మా నాయన చెయ్యి విసిరేవాడు, నేనూ విసిరేవాణ్ణి. మా ఇంట్లో దాన్ని కోపం అనేవాళ్ళు. పక్కవాళ్ళు కూడా అలాగే అనేవాళ్ళు.

పెద్ద ఏసీ చూసి భాయ్ తల అడ్డంగా ఊపాడు. ఈ కేబుల్ దానికి తట్టుకోదు, ప్లైవుడ్ అంతా ఊడదీసి లావు కేబుల్ వెయ్యాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నాడు. శుక్రవారం బయలుదేరుతున్నామని నేను అప్పటికే చుట్టాలందరికీ చెప్పుకున్నాను. కుదరదన్నాను. ఆయన వద్దంటే వద్దన్నాడు. నేను షెడ్డులో అందరి ముందూ గొంతు పెంచాను. చివరికి ఆయన ఏసీని సగం వేగం మీద నడిచేలా సెట్ చేశాడు. బ్యాటరీ పక్కన ఆ కేబుల్‌కు తగిన ఫ్యూజ్ బిగించి, నన్ను పిలిచి వేలితో చూపించాడు.

"తిరిగొచ్చినాక లావు కేబుల్ వేద్దాం. అంతవరకు ఈ సెట్టింగు మార్చొద్దు. ఫ్యూజ్ కాలితే కాలనీ, అది కాలేది నువ్వు కాలకుండా ఉండేదానికే. నాకు ఫోన్ చెయ్. నువ్వు ముట్టొద్దు."

సరే అన్నాను.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. మా పొలంలో బోరు మోటారుకు కరెంటు ఎప్పుడూ సరిగా వచ్చేది కాదు. ఫ్యూజు మాటిమాటికీ కాలేది. పైరు ఎండుతుంటే లైన్‌మన్ కోసం ఎవరు కూర్చుంటారు? పాత వైరు తోలు ఒలిచి, రాగి పోగులు నాలుగైదు మెలిపెట్టి ఫ్యూజు చోట చుట్టేవాళ్ళం. మోటారు కాలితే కాలేది, నీళ్ళు మాత్రం పారేవి. ఈ పని చేతకాని మగవాణ్ణి మా ఊళ్ళో రైతు కింద లెక్కవేసేవాళ్ళు కాదు. నేను పదేళ్ళకే నేర్చుకున్నాను.

శుక్రవారం కడప దారి పట్టాం. అక్కడ ఆమె అక్క ఇంట్లో ఒక రోజు ఉండి ఇంకా కిందికి పోవాలని అనుకున్నాం. నంద్యాల దాటేసరికి ఎండ ముదిరింది. సగం వేగం గాలి నాకు ఆనలేదు. ఫోన్లో చూసి ఏసీ సెట్టింగు మార్చి పూర్తి వేగం పెట్టాను. ఆళ్ళగడ్డ దగ్గర ఏసీ ఆగిపోయింది. బండి ఆపి చూస్తే ఫ్యూజు కాలింది.

"భాయ్ ముట్టొద్దన్నాడు కదా. ఫోన్ చెయ్" అంది నా భార్య.

"నువ్వు నాకు కరెంటు నేర్పిస్తాండావా?"

పనిముట్ల సంచిలోంచి వైరు ముక్క తీసి, పళ్ళతో తోలు ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి, ఫ్యూజుకు అటూ ఇటూ ఉన్న రెండు బోల్టులకూ గట్టిగా చుట్టాను. ఏసీ మళ్ళీ తిరిగింది. ఆమె ముఖం గాలికి ఎదురుగా పెట్టి కళ్ళు మూసుకుంది. "శానా చల్లగా ఉండాది" అంది. ఆ రోజు ఆమె నవ్వింది కూడా. నేను గెలిచినట్టు బండి నడిపాను.

మైదుకూరు దాటాక ఒక మెస్సు దగ్గర భోజనానికి ఆగాం. ఆమె దిగనంది. "నాకు తిండి వద్దు. ఈ గాలికి కాసేపు పడుకుంటా. నువ్వు తినిరా." తలుపు దగ్గరికి వేసి పోయాను. అన్నంలో పప్పు కలుపుకుంటుండగా బయట ఎవరో "బండీ, బండీ" అని అరిచారు.

కేబుల్ పోయిన దారి వెంబడి పైకప్పు లోపలి ప్లైవుడ్ సందుల్లోంచి నల్లటి పొగ వస్తోంది. పక్కకు జరిపే తలుపు వేడికి బిగుసుకుపోయింది. లోపల ఆమె రెండు చేతులతో అద్దాన్ని కొడుతోంది. జాకీ రాడ్డుతో అద్దం పగలగొట్టాను. మంటకు కరిగిన షీటు పైనుంచి చుక్కలు చుక్కలుగా ఆమె మీద పడుతోంది. జుట్టు, జాకెట్టు, ఏది దొరికితే అది పట్టుకుని లాగాను. అద్దం పెంకులు ఆమె కడుపును కోశాయి. ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందికి చర్మం నా అరచేతికి అంటుకుని వచ్చింది. లారీ డ్రైవర్లు ఇసుక, నీళ్ళు పోశారు. వ్యాను పూర్తిగా కాలిపోయింది.

కడప ఆసుపత్రిలో మాట వచ్చాక ఆమె మొదట అన్నది, "ఆ రాగి తీగ..." అని. నేను ఆమె మంచం మీదికి వంగి, "నోరు మూసుకో" అన్నాను. కాలిన మనిషిని అన్న మాట అది. తర్వాత బామ్మర్ది ఏమైందని అడిగితే, "సాయిబు సన్న కేబుల్ వేసి చంపబోయినాడు" అన్నాను. కేబుల్ సన్నదన్నది నిజమే. నిజంలో ఒక ముక్క ఉంది గనుక ఆ అబద్ధం బాగా నిలబడింది.

పది రోజుల తర్వాత నేనూ బామ్మర్దీ కల్లూరు పోయాం. మధ్యాహ్నం. భాయ్ చిన్న స్టూలు మీద కూర్చుని కేబుల్ కొసకు తొడుగు నొక్కుతున్నాడు. నన్ను చూసి, "ఇంటామెకు ఎట్లుండాది?" అని లేవబోయాడు. స్టూలును తన్నాను. కిందపడ్డాడు. టోపీ ఎగిరి నూనె మడుగులో పడింది. బామ్మర్ది ఆయన మెడ వెనక పట్టుకుంటే నేను ముఖం మీద కొట్టాను, చెవి మీద కొట్టాను. పళ్ళ నుంచి రక్తం కారి తెల్లగడ్డం ఎర్రబడింది. లారీల వాళ్ళు చుట్టూ నిలబడ్డారు. "ఈయప్ప నా పెండ్లాన్ని కాల్చినాడు" అని నేను అరుస్తుంటే ఎవరూ అడ్డం రాలేదు.

ఆయన ఒక చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "నీ మంట నాకు తెలుస్తాండాది. కొట్టు. ఆ ఫ్యూజు యాడుందో చూపించి కొట్టు."

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఇంకొకరు అదే ప్రశ్న అందుకుంటారేమోనని భయపడ్డాను. నేల మీద ఆనించిన ఆయన కుడిచేతిని చెప్పుకాలితో తొక్కి, మడమ తిప్పాను. వేళ్ళు విరిగిన చప్పుడు విన్నాను. అప్పటిదాకా కోపంతో కొట్టాను. ఆ ఒక్కటి మాత్రం కోపంతో చేసింది కాదు. ఆయన నోరు మూయించడానికి చేసింది. ఈ తేడా నేను ఎవరికీ చెప్పలేదు.

ఆయన కేసు పెట్టలేదు. మా వాళ్ళకున్న పలుకుబడి ఆయనకు తెలుసు. రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. పని పట్టుకోలేని చెయ్యి, కాల్చినవాడనే పేరు, రెండూ కలిసి ఏడాదికే షెడ్డు మూయించాయి.

నా భార్య ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ మాట ఎత్తలేదు. ఈ ఎండాకాలం బామ్మర్ది లారీ కొన్నాడు. మా ఇంట్లో భోంచేస్తూ, దానికి బ్యాటరీ ఏసీ ఎవరి చేత పెట్టించాలని అడిగాడు.

"భాయ్‌ని వెతుక్కో. ఆయన్ను దగ్గర పెట్టుకుని పని చేయించుకో" అంది ఆమె.

"అక్కా, తల చెడిందా నీకు?"

"ఫ్యూజు తీసి రాగి తీగ చుట్టింది మీ బావ. ఆళ్ళగడ్డలో. నేను చూసినా."

నేను లేచి చెయ్యి ఎత్తాను. ఆమె ముఖం కాపాడుకోలేదు. కాలిన ఎడమ చేతిని కొంగు కింద దాచి, కుడిచేతితో గట్టిగా అదుముకుని, చెంప నాకు వదిలేసింది. దెబ్బకు ఏది ఇవ్వాలో, ఏది దాచుకోవాలో ఆమె ముందే లెక్కవేసుకుని ఉందని అప్పుడు తెలిసింది. బామ్మర్ది కంచంలో చెయ్యి పెట్టి మమ్మల్నిద్దరినీ చూస్తున్నాడు. నా చెయ్యి దిగింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు కల్లూరు పోయాను. భాయ్ ఇప్పుడు వేరేవాళ్ళ బ్యాటరీల దుకాణంలో మీటరు పెట్టి చూసే పని చేస్తున్నాడు, ఎడమ చేత్తో. ఆయన ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మీటరు నుంచి కళ్ళు తీయలేదు.

"నాకెందుకు చెప్తాండావు? ఆ పొద్దే నాకు తెలుసు. ఎరగనిది వాళ్ళు" అని రోడ్డు మీది లారీల వైపు చూపించాడు.

బయటికి పోయి చెప్పాను. పదిమంది దాకా చేరారు. వాళ్ళలో ఒక డ్రైవరు ఆ రోజు షెడ్డులో నిలబడి చూసినవాడు. నా చొక్కా పట్టుకుని ఎడాపెడా రెండు వాయించాడు. పెదవి చిట్లింది. నేను చేతులు కిందే ఉంచాను. ఇంకా కొడితే బాగుండుననిపించింది. భాయ్ దుకాణం మెట్టు మీదికి వచ్చి, "వదలప్పా" అన్నాడు. తర్వాత నాతో, "తన్నులు తిని పోదామని వచ్చినావా? తిని పోతే నీకు నిద్ర పడుతుంది. నాకేమొస్తుంది?" అన్నాడు.

"ఏం చెయ్యమంటావు భాయ్?"

"నువ్వు చెప్పిన అబద్ధం కడప దాటి పోయింది. ఈ పదిమందితో చెప్తే చాలదు. రాయి. నువ్వు కొట్టింది కూడా రాయి. అది రాయకుంటే ఎవురూ నమ్మరు."

అందుకని రాశాను. ఆయనకు ఉర్దూ చదవడమే వచ్చు, తెలుగు చదవడం రాదు. నిన్న ఇంతవరకు రాసింది దుకాణానికి తీసుకుపోయి చదివి వినిపించాను. చెయ్యి తొక్కిన చోటికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది. "బయట వాళ్ళకు వినపడాల. గట్టిగా చదువు" అన్నాడు. ఆ భాగం మళ్ళీ మొదటి నుంచి చదివాను. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు.

అంతా విన్నాక ఆయన చేతిలోని మీటరు పక్కన పెట్టాడు. నా చేయి పట్టుకోలేదు, నన్ను కూర్చోమననూ లేదు.

"ఒకటి తక్కువుండాది" అన్నాడు చివరికి. "నువ్వు ఎంత అరిచినా సన్న కేబుల్ ఉన్న బండి నేను నీ చేతికి ఇయ్యకూడదు. ఇచ్చినాను. అది నా తప్పు. అది కూడా రాయి."

అది ఆయన మాటగా రాస్తున్నాను. అది ఆయన తప్పని నేను ఒప్పుకోను.