పై గొంతు నాది, కింది గొంతు దానిది

నాకు పై గొంతు వినబడడం మానేసిన సంగతి ఎనిమిది నెలల పాటు నరమానవుడికి చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో చెవులమీద బతికినదాన్ని. గరగరలాడే ట్రంకు కాల్లో అవతలి మనిషి చెప్పే ఊరి పేరు మా సెక్షన్లో ఎవరికీ అర్థం కాకపోతే, హెడ్‌సెట్ తెచ్చి నాకు తగిలించేవాళ్ళు. అలాంటిదాన్ని, చెవులు పోతున్నాయని నా నోటితో నేనే చెప్పుకోవాలా? సిగ్గేసింది. భయం కూడా వేసింది గానీ, ఆ రోజుల్లో దాన్ని కూడా సిగ్గనే అనుకున్నాను.

పై గొంతంటే ఏమిటో చెప్పాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం నేను పద్మారావు నగర్‌లో ఆటో ఎక్కి రెజిమెంటల్ బజార్ వెళ్తాను. అక్కడ నా స్నేహితురాలికి లేసులు, చీర ఫాల్స్, లైనింగ్ బట్టలు అమ్మే కొట్టుంది. గురువారం కొట్టుకి సెలవు. కొట్టు మీది గదిలో కూర్చుని ఇద్దరం పాత చర్చి సంగీతం వింటాం. రెండు వందల ఏళ్ళ కిందట, యూరప్ రాజుల కొలువుల్లో జీతానికున్న సంగీతకారులు చర్చిలో పూజ కోసం కట్టిన పెద్ద పెద్ద బృందగానాలు. వయొలిన్లు, బాకాలు, వాటి మీద నాలుగు వరసల గొంతులు. నేను హిందువుని, అది ముస్లిం. లాటిన్ ఇద్దరికీ రాదు. ఇదేం పిచ్చే అని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు.

ఈ పిచ్చి బళ్ళో పట్టింది. మా కాన్వెంటులో పాటలు నేర్పే సిస్టర్ కులం మతం చూసేది కాదు, గొంతు చూసేది. తొమ్మిదో తరగతిలో మా ఇద్దర్నీ చెయ్యి పట్టుకుని లాక్కుపోయి బృందంలో నిలబెట్టింది. నాది సన్న గొంతు, పై వరస. దానిది కాస్త బొంగురు, కింది వరస. లాటిన్ మాటలకి నోరు తిరక్క, వాటిని నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. సిస్టర్ బుక్కు లాక్కుని ఇదేమిటని అడిగితే, "మీ పాటే సిస్టర్, మా అక్షరాలు" అందది. సిస్టర్‌కి నవ్వాగలేదు. మేము పాడిన దాంట్లో 'దయ చూపు' అనే ఒక్క మాటనే ఐదు నిమిషాలు తిప్పి తిప్పి పాడాలి, మన కీర్తనలో సంగతులు వేసినట్టే. ఆ ఒక్క మాటకి అర్థం సిస్టర్ చెప్పింది. మిగతావాటికి మేము అడగలేదు.

తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, ఉద్యోగం. నలభై ఏళ్ళ తర్వాత ఒకరోజు చీర ఫాల్ కోసం ఒక కొట్టుకి వెళ్తే, గల్లా దగ్గర కూర్చున్నావిడ లేసు కొలుస్తూ కూనిరాగం తీస్తోంది. మా కింది వరస! నాకు తెలియకుండానే పై వరస అందుకున్నాను. అది లేసు వదిలేసి, "అరే, నువ్వా పిల్లా!" అని ఒక్క అరుపు అరిచింది. కొట్టులో ఉన్న ఆడవాళ్ళంతా బేరాలాపి మమ్మల్ని చూశారు.

అప్పట్నుంచీ మా గురువారాలు మొదలయ్యాయి. ఫోన్లో వెతికితే ఒకే పాటకి ఎన్ని రికార్డింగులో! నిదానంగా పాడిన పాతవంటే దానికి ప్రాణం. రాతి గోడల చర్చిలో, గొంతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, మధ్యలో ఎవరో ఒకాయన దగ్గితే మరీ ఇష్టం. నాకు తక్కువమంది చకచకా పాడినవి కావాలి. "గిదేందే, రైలు పోతదన్నట్టు ఉరుకుతున్నరు" అని అది వెక్కిరిస్తే, "నీవోళ్ళు పాడేసరికి ఫాదర్ తాళమేసుకుని ఇంటికి పోతడు" అని నేను అంటించేదాన్ని.

వినడానికి మాకొక పద్ధతుంది. పాట నడుస్తున్నంతసేపూ నోరెత్తకూడదు, చాయ్ ముట్టుకోకూడదు. నేను పై గొంతు వెంట పోవాలి, అది కింది గొంతు వెంట. మిగతావి ఎంత ఊరించినా అటు తిరగకూడదు. పాటయ్యాక ఎవరి గొంతుకి ఏమైందో రెండోవాళ్ళకి చెప్పాలి. పై గొంతు వెంట పోవడం గొప్పేమీ కాదు, అందరికీ వినబడేది అదే. కింది గొంతునైతే వెతుక్కోవాలి. "నా దాన్ని ఎవ్వరు పట్టించుకోరు. గని అది జెర జరిగిందనుకో, నీది ధబాల్న కిందవడ్తది" అనేది గర్వంగా. అది కళ్ళు మూసుకుని వినేది. కింది గొంతుకి ఎక్కడైనా మంచి మలుపు దొరికితే దాని మొహం విప్పారి, "హాయ్ అల్లా" అని పెదాలు మాత్రం కదిలేవి. ఆ మొహం చూడ్డానికి నేను అప్పుడప్పుడు దొంగతనంగా కళ్ళు తెరిచేదాన్ని.

నా చెవులకి మొదట కుక్కర్ విజిల్ పోయింది. పప్పు మాడి వాసనొస్తే గానీ తెలియలేదు. తర్వాత కాలింగ్ బెల్. మా ఆయన గుమ్మం బయట అరగంట నిలబడి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని గొణిగాడు. బెల్లే బాగాలేదని నేను దబాయించాను. పాపం, కొత్త బెల్లు పెట్టించాడు. దాన్ని కూడా తిట్టాను.

ఆ తర్వాత ఒక గురువారం పాట మొదలైతే అందులో పై గొంతు లేదు. వయొలిన్లు ఉన్నాయి, మగవాళ్ళున్నారు, కింది గొంతుంది. వాటన్నిటి మీదా నా గొంతుండాల్సిన చోట ఏదో పొగలాంటిది కదులుతోంది, అంతే. నేను స్పీకరు మీద విరుచుకుపడ్డాను. అది పై వారానికల్లా కొత్త స్పీకరు తెచ్చింది. కనీసం అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పాటయ్యాక, ఇక్కడ పైకి పోయింది, ఇక్కడ తేలిపోయింది అని జ్ఞాపకంలోంచి తీసి అప్పజెప్పాను. ఆ పాటలన్నీ నాకు కంఠతా వచ్చు కాబట్టి గడిచిపోయింది. వారం వారం అలాగే గడిపాను.

ఒకరోజు అది, ఎక్కడో జనం ముందు పాడుతుండగా తీసిన పాత రికార్డింగ్ పెట్టింది. పాటయ్యాక నవ్వు బిగబట్టుకుని నా వైపే చూస్తోంది. నేను కళ్ళు తుడుచుకుని, "అబ్బ, ఆ ఆఖరి స్వరం ఎంత మంచిగ పట్టిందే మహాతల్లి!" అన్నాను.

దాని మొహంలో నవ్వు పోయింది. "ఏం మాట్లాడ్తున్నవే? ఆమె గొంతు వగిలి నడిమిట్లనే ఆగిపాయె గద! నువ్వు నవ్వుతవనే గిది పెట్టిన."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"వినవడ్తలేదా నీకు?" అంది మెల్లగా.

తల దించుకున్నాను.

"ఎప్పటిసంది?"

"ఉగాదికి ముందట్నుంచి."

ఇక చూడాలి దాని నోరు! "ఎనిమిది నెల్ల సంది నాకు కతలు చెప్తున్నవా? పాగల్‌దాని లెక్క స్పీకర్ సుత మార్చిన గదనే! నీకు తక్లీఫ్ ఉంటే నాకు చెప్పవా? నేనేమన్న పరాయిదాన్నా?" తిడుతూ తిడుతూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

మర్నాడే ఆటోలో కుదేసి చెవుల క్లినిక్‌కి తీసుకుపోయింది. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను టకటకా నొక్కుతూ పోయాను. కాసేపటికి అక్కడి అమ్మాయి తలుపు తీసి, "ఆంటీ, నేను సౌండ్ ఇవ్వకముందే నొక్కుతున్నారు" అంది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయినట్టయింది. బయట కూర్చున్న నా స్నేహితురాలు, "ఈమె అన్ని గిట్లనే చేస్తది, నువ్వు మళ్ళ పెట్టు బిడ్డా" అంది.

చెవులకి మెషిన్లు పెట్టారు. మా ఇల్లు ఒక్కసారిగా సంతలా తయారైంది. ఫ్రిజ్ మూలుగు, మా ఆయన చెప్పుల టపటప, చీపురు గీకుడు. మా ఆయన పక్క గదిలోంచి మెల్లగా, "చాయ్ పెడతవా?" అంటే, నేను ఇక్కణ్ణుంచి, "నువ్వే పెట్టుకో" అన్నాను. ఆయన మురిసిపోయాడు. నేను మాత్రం గురువారం కోసం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను.

గురువారం వచ్చింది. పాట మొదలైంది. పై గొంతు లేచింది! నా ఒళ్ళు జలదరించింది. కానీ ఒక స్వరం మీద అది నిలబడగానే వణకడం మొదలుపెట్టింది. ఎంత పొడుగ్గా పాడితే అంత వణుకు, జలుబు చేసిన విజిల్లా. నిలబడిన ప్రతి స్వరమూ అంతే. ఆ పాటల్లో పై గొంతు చేసే పనే నిలబడడం. పాట సగంలో ఉండగానే మెషిన్లు పీకి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ పొగే మిగిలింది.

క్లినిక్ అమ్మాయి చాలా ఓపిగ్గా చెప్పింది. "ఇవి మాటల కోసం చేసినవి ఆంటీ. ఒకే స్వరం చాలాసేపు ఆగితే, మెషిన్ తనే కూత పెడుతోందనుకుని అణిచేస్తుంది. మ్యూజిక్ సెట్టింగ్ మారుస్తాను." మూడుసార్లు మార్చింది. నాలుగోసారి, "ఇంతకంటే నా చేతిలో లేదు ఆంటీ, లోపలి నరమే తగ్గిపోయింది" అంది. ఆ అమ్మాయి మీద అరవాలనిపించింది. ఏమని అరుస్తాను? ఎవరి తప్పూ కాదు. ఎవరి తప్పూ కానిదాన్ని ఏం చెయ్యాలో నాకు ఈ వయసు దాకా ఎవరూ నేర్పలేదు.

"నువ్వు పరేషాన్ గాకు, నేనున్న" అంది నా స్నేహితురాలు. ఆ గురువారం నా పక్కన కూర్చుని నా అరచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. పాట మొదలవగానే తన వేలు నా మణికట్టు దగ్గర పెట్టింది. పై గొంతు పైకి పోతే వేలు నా వేళ్ళకొసల వైపు పోతుంది, దిగితే మణికట్టుకి దిగుతుంది, నిలబడితే అక్కడే నొక్కి పట్టుకుంటుంది. నేను పాటని చేత్తో విన్నాను. నిజం చెప్తున్నా, ఆ రోజు ఇంటికొచ్చాక కూడా అరచేతిని దేనికీ తగలనివ్వలేదు.

రెండు నెలలు అలా నడిచాయి. నాకేం, హాయిగానే ఉంది. ఒక గురువారం మేము బళ్ళో పాడిన పాట పెట్టింది. దాని వేలు నా అరచేతిలో ఎక్కుతూ దిగుతూ ఉంది. నాకేమో కింది గొంతు శుభ్రంగా వినబడుతుంది కదా, 'దయ చూపు' మూడోసారి వచ్చినప్పుడు ఆ గొంతు ఒక మలుపు తిరిగింది. అంతమంది పాడుతుండగా, ఎవరికీ చెప్పకుండా, పక్కకి తప్పుకుని ఒక్కతే కిందికి దిగి మళ్ళీ వచ్చి కలిసింది. ఇన్ని రికార్డింగుల్లో ఎక్కడా నేను దాన్ని అంత బాగా వినలేదు. వెంటనే దాని మొహం చూశాను. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కనుబొమలు ముడిపడి, ఊపిరి బిగబట్టి, నా అరచేతినే చూస్తోంది. పెదాలు కదల్లేదు. ఆ మలుపు నాకు వినబడింది, దానికి వినబడలేదు.

పాటయ్యాక అడిగాను, "నీ గొంతు సంగతి చెప్పు."

"నాదేమున్నది, యాడికి పోతది? ఉన్నది ఆడనే" అని లేచి చాయ్ పెట్టడానికి పోయింది. రెండు నెలలుగా అది తన గొంతు గురించి ఒక్క ముక్క చెప్పలేదని అప్పుడు తట్టింది నాకు. నేను అడగనూ లేదు. ఇంత స్వార్థమా నాకు?

వద్దని చెప్తే అది వింటుందా? వినదు. నీకు వినవడకుండ నేనెట్ల వింట అంటుంది. నాకు తెలుసు. అందుకే పై గురువారం, పాట మొదలై అది నా చెయ్యి అందుకోగానే వెనక్కి లాక్కుని, మెషిన్ సర్దుకుంటున్నట్టు నటించి, "ఆగవే, ఆగు! వినవడ్తుంది! ఈసారి సెట్టింగ్ కుదిరినట్టుంది" అన్నాను.

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

అది వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కాసేపటికి దాని పెదాలు కదిలాయి. నేను జలుబు విజిల్ వింటూ ఆ పెదాలనే చూశాను. పాట అవగానే అది నన్ను గట్టిగా కావిలించుకుని, ఫోన్ తీసి స్పీకర్లో పెట్టి మా ఆయనకి చేసింది. "భాయ్‌సాబ్, మన పిల్లకి వినవడ్తుందట! మొత్తం పాట వినవడ్డదట! ఇగ ఏం ఫికర్ లేదు, అల్లా మన మొర విన్నడు!" అవతల్నించి మా ఆయన, "నిజంగా? నిజంగానే?" అని పదేపదే అడుగుతున్నాడు. నేను దాని పక్కనే కూర్చుని, ఇద్దరి మాటలూ ఒక్క అక్షరం పోకుండా విన్నాను.