యాభై వేల కోట్లకు ఒక కోడి

దినార్ల వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా డెయిరీ వదిన. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు; న్యూజిలాండ్‌లో వీధి మూల కిరాణా కొట్టును అలా అంటారు. రాయచోటి నుంచి వచ్చిన ఆ దంపతులు న్యూ లిన్‌లో మా ఫ్లాట్ల కిందే ఆ కొట్టు నడిపేవారు. రెండువేల పదిహేను ప్రాంతంలో ఒక మధ్యాహ్నం, కొట్టు భర్తకు వదిలేసి చెప్పులతోనే మా వంటింట్లోకి వచ్చేసింది.

"వదినా, మీ పక్కింటి ముసలాయప్ప కాడ డబ్బా నిండా దినార్లుండాయి!"

"ఏం దినార్లు?"

"ఏం దినార్లేంది! నోటు మీద ఇంగ్లీషులో రాసుండాది, నా కండ్లతో చూసినా. ఇవి యాడ మారుస్తారమ్మా అని అడిగినాడు. యాపారం ఇడ్సిపెట్టి ఉరికొచ్చినా."

ఎందుకు ఉరికిరాదు? వాళ్ళ వైపు వీధికొకరు కువైట్‌లో ఉంటారు. వాళ్ళన్న అక్కడ కారు నడిపి పంపిన దినార్లతోనే ఈమె పెళ్ళీ, తమ్ముడి చదువూ అయ్యాయి. దినార్ అన్న మాట వింటే మనకు గుర్తొచ్చేది ఒక్క కువైటే. అది ఏ దేశపు దినారని అడగాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. నేను స్టవ్ కట్టేసి, దేవుడికి స్తోత్రం చెప్పి, కొంగుతో చేతులు తుడుచుకున్నాను.

పక్కింటి పెద్దాయనది సెర్బియా. భార్యాభర్తలిద్దరూ చాలా ఏళ్ళ క్రితం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్లల్లేరు. అంతకు ముందటి చలికాలంలో ఆమె చనిపోయింది. మా అమ్మ వయసు మనిషి. నా ఇంగ్లీషూ అంతంతే, ఆమెదీ అంతంతే, కూరగాయలతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, నూరి, సీసాకెత్తి ఇచ్చేది. అచ్చం మన పచ్చడే, కారం మాత్రం ఉండదు. నేను గోంగూర ఇస్తే ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని రెండు కళ్ళూ మూసేసింది. తర్వాత ఇంకా ఉందా అని అడిగింది.

సాయంత్రం ఆయన్ను మా ఇంటికి పిలిచాం. ఐస్‌క్రీం డబ్బా ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. నోట్లు, నాణేలు, రబ్బరు బ్యాండ్లు. పైనున్న నోటు తీశాను. ఐదు, దాని పక్కన సున్నాలు. బడి మొహం చూడని నాకు అక్షరాలూ అంకెలూ నేర్పింది మా అమ్మ, చింతగింజలు పేర్చి. ఆ పద్ధతిలోనే వేలు పెట్టి వెనక నుంచి చదివాను. ఒకట్లు, పదులు, వందలు, వేలు... లక్షలు దాటాయి, కోట్లు దాటాయి, సున్నాలు మాత్రం ఆగడం లేదు.

"యాభై వేల కోట్లు," అన్నాను.

వదిన కుర్చీలో కూలబడింది. "యేసయ్యా! ఒక్క నోటేనా?"

బస్సు నడిపే మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. "యాభై వేల కోట్లున్న మనిషి రోజూ నా బస్సెందుకెక్కుతాడే?" అన్నాడు.

మా ముఖాలు చూసి పెద్దాయన నవ్వాడు. భార్య పోయాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయనకొచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాడు. ఒకప్పుడు వాళ్ళ దేశంలో ధరలు పిచ్చెక్కినట్టు పెరిగాయట. "పొద్దున ఈ నోటుకి రొట్టె. సాయంత్రం అగ్గిపెట్టె రాదు." అప్పటి నోట్లు కొన్ని, ఆ తర్వాత వచ్చిన పాతవి కొన్ని, ఇప్పుడు అక్కడ చెల్లేవి కొన్ని. అన్నీ ఆమె దాచినవే. అక్కడి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ దగ్గర మిగిలిన చిల్లర మార్చుకుని మరీ దాచేదట, ఒక్కసారి ఇంటికి వెళ్ళాలని.

"కువైట్‌వి కాదా?" అంది వదిన ఇంకా ఆశ చావక.

"కాదు."

"మరి ఇప్పుడెందుకు మార్చడం, అంకుల్?" అని నేనడిగాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వచ్చే నెల ఆమె పోయి ఏడాది. వాళ్ళలో ఆ రోజు గోధుమలు ఉడికించి, చర్చిలో ప్రార్థన చేయించి, తెలిసినవాళ్ళకు భోజనం పెడతారు. గోధుమలు నోట్లో వేసుకున్న ప్రతివాళ్ళూ ఆమె ఆత్మ కోసం ఒక మాట చెప్పాలి. ఆమె ఇంటికి వెళ్ళలేకపోయింది. కనీసం ఆ భోజనం ఆమె డబ్బుతోనే జరగాలని ఆయన కోరిక.

"దానికేం అంకుల్, మేం పెడతాం. బిర్యానీ చేస్తా!" అంది వదిన.

ఆయన డబ్బా మీద చెయ్యి పెట్టాడు. "నో. హర్ మనీ."

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. విదేశీ డబ్బు మార్చే కొట్లో ఒకాయన నోట్లు అటూ ఇటూ తిప్పి, ఇవి మేం తీసుకోం అన్నాడు. నాణేలైతే చూడనైనా చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన డబ్బాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి ప్రార్థనలో కోరిక ఒక్కటే: తండ్రీ, ఆమె కష్టం ఆమెకే చెందనియ్యి.

దారి చూపించింది ఎప్పుడూ వెక్కిరించే మా ఆయనే. కంప్యూటర్ ముందు కూర్చుని వెతికి వెతికి, "ఒసేయ్, ఇలా రా," అని కేకేశాడు. సముద్రం అవతల ఒక కంపెనీ ఉందట. సెర్బియావి పాత నోట్లు, ఇప్పటి నోట్లు, చివరికి నాణేలు కూడా పోస్టులో పంపితే తీసుకుని డబ్బు వేస్తారట. నేను గట్టిగా స్తోత్రం చెప్పేశాను. పక్క ఫ్లాట్‌కి పరుగెత్తి తలుపు కొట్టాను.

పెద్దాయన అంతా విని, "దారిలో పోతే?" అన్నాడు.

పోతే ఆమె భోజనం పోయినట్టే. ఆయన డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "పంపుదాం, కొమ్షినిత్సే," అన్నాడు. పొరుగమ్మా అని అర్థం. ఆమె కూడా నన్ను అలాగే పిలిచేది.

మా బల్ల మీద మూడు కుప్పలు పోశాం: చెల్లేవి, పాతవి, సున్నాలవి. వాళ్ళ శాస్త్రవేత్త, ఒక మీసాల మనిషి బొమ్మ ఉన్న నోటు చూపించి, మీ ఇంట్లో కరెంటు ఈయన పుణ్యమేనని పెద్దాయన మా ఆయనకు గర్వంగా చెప్పాడు. "మరి బిల్లు మేమెందుకు కడుతున్నామో అడగండి," అన్నాడు మా ఆయన. నాణేలు వదిన తన కొట్లోని తక్కెడ మీద తూచింది. సున్నాలవి దండగ, పారేద్దామని వదిన అంటే నేను ఒప్పుకోలేదు. అవీ ఆమె దాచినవే కదా. పార్సెల్ కట్టాక నలుగురం దాని మీద చేతులుంచాం. ఆయన వాళ్ళ పద్ధతిలో శిలువ వేసుకున్నాడు, మేం మా పద్ధతిలో ఆమెన్ అన్నాం.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో! పోస్టు డబ్బా మూత చప్పుడైతే చాలు, ఆయన తలుపూ నా తలుపూ ఒకేసారి తెరుచుకునేవి. వదిన కొట్లోంచే చెయ్యి ఊపి, వచ్చిందా అని సైగ చేసేది. ఏడాది రోజు దగ్గరికొస్తోంది. ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు.

పార్సెల్ ముట్టిందన్న సమాచారం మా ఆయన ఫోనుకొచ్చింది. బస్సు డిపో నుంచే నాకు ఫోన్ చేసి అరిచాడు. "డబ్బు పడిందే! అన్నిటికీ ఇచ్చారు! సున్నాల నోట్లక్కూడా! అవి సరదాగా దాచుకునేవాళ్ళు కొంటారట!"

నేను చెప్పులు లేకుండా పక్కింటికి పరుగెత్తాను. పెద్దాయన గుమ్మం పట్టుకుని నిలబడి, వాళ్ళ భాషలో లోపలికి చూస్తూ ఏదో చెప్పాడు. నాతో కాదు, ఆమెతో.

కుబేరులమేం కాలేదు. ఆ కోట్ల నోటుకు వచ్చినదాంతో సరిగ్గా ఒక కోడి వచ్చింది. "యాభై వేల కోట్ల కోడిరా సామీ, ముక్క వదలొద్దు!" అని వదిన ఒకటే నవ్వు. మిగతా డబ్బుకు గోధుమలు, అక్రోట్లు, పిండి, ఉల్లిపాయలు వచ్చాయి. కొట్లో పాలు ఊరికే ఇవ్వబోతే పెద్దాయన ఒప్పుకోలేదు, బిల్లు కొట్టించాడు. వదిన మాట వినే రకమా? గోధుమల్లో రహస్యంగా ఏలకులూ నెయ్యీ వేసేసింది.

ఏడాది రోజు శనివారం, పొద్దున్నే ఆ గోధుమలు వాళ్ళ చర్చికి వెళ్ళి వచ్చాయి. మధ్యాహ్నం పెద్దాయన ఇంట్లో కూర్చున్నాం. ఆయన మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగాడు. వదిన ముఖం పాలిపోయింది.

"ఆమె ఉంటే దెబ్బలాడేది," అన్నాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. "తర్వాత ఎలా చేశావని అడిగేది."

మేం ఒక్కొక్కరం తిని, ఆయన చెప్పమన్న మాట తెలుగులో చెప్పాం: దేవుడు ఆమె ఆత్మను క్షమించి దగ్గరికి తీసుకోవాలి.

ఆమె పేరు ఆయనను అడగకుండా నేను రాయకూడదు. దేవుడికి తెలుసు, చాలు. ఆమెకు పిల్లల్లేరు. పెద్దాయన తర్వాత ఆమె కోసం ఆ మాట చెప్పే నోరు ఉంటుందో ఉండదో. అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. ఇవాళ అన్నం ముందు కూర్చున్నప్పుడు, మీరు ఏ దేవుణ్ణి తలిచేవారైనా సరే, ఇంటికి వెళ్ళాలని దాచుకున్న సొమ్ముతో మాకందరికీ భోజనం పెట్టిన నా పొరుగావిడను ఒక్కసారి తలుచుకోండి.