మోరీకి అవతల రోడ్డు

మా పక్కింటి బొమ్మల తాత పోయాడని మొన్న పొద్దున ఆయన కోడలు వచ్చి చెప్పింది. చాయ్ తాగి, షెడ్డులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

ధూల్‌పేట్‌లో మా గల్లీకి వినాయకుళ్ళంటే ఆయన చేసినవే. చెవి వెనక కుంచె లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు. మా ఇంటి గోడ పెచ్చులూడితే, అడగకముందే బొమ్మల మట్టి తెచ్చి మెత్తిపోయేవాడు.

రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే పోయడంతో తాత షెడ్డు పల్లంలో పడింది. మధ్యలో మురికినీళ్ళ మోరీ. దాని మీద ఆయన తండ్రి కట్టించిన ర్యాంపు ఎక్కే బొమ్మలు లారీ చేరేవి. తాతకో పట్టింపు ఉండేది. షెడ్డులో ఎంత పని చేసినా కళ్ళు మాత్రం దిద్దడు. బొమ్మ రోడ్డెక్కాక నిచ్చెన వేసుకుని దిద్దేవాడు. "చీకట్ల కండ్లు తెరిస్తే దేవునికి చీకటే కనవడతది బిడ్డా. ముంగట జనం ఉండాలె" అనేవాడు. నేను పొయ్యి మీద కూర వదిలేసి మరీ వెళ్ళి చూసేదాన్ని.

కిందటేడు మోరీ వెడల్పు చేస్తూ ర్యాంపులన్నీ పగలగొట్టారు. మళ్ళీ కట్టాలంటే పర్మిషన్ కావాలన్నారు. గల్లీ అంతా గుట్టుగా సిమెంటు పోసుకుంది. తాత ఒక్కడే ఆఫీసుకు బయలుదేరాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరు చూస్తున్నరు తాతా? నువ్వు గూడ పోసెయ్యరాదూ!"

"దొంగతొవ్వల దేవుణ్ని ఎట్ల తీస్కవోతనే?"

తోడుగా నేనూ వెళ్ళాను. ఆఫీసులో సారు మర్యాదగానే మాట్లాడాడు. "ర్యాంపు మీ జాగలనే ఉండాలె పెద్దాయనా. మోరీ మీదికి, రోడ్డు మీదికి రావొద్దు. రూల్ అట్లుంది."

"నా జాగంత షెడ్డే. అండ్ల ర్యాంపు కడితే దేవుడు ఏడ నిలవడతడు సారూ?"

సారు అర్జీ తీసుకుని, చూస్తామన్నాడు. అడిగిన పాపానికి ఆఫీసు మనుషులు వచ్చి కొలిచి, ఇదే హద్దని తాత గోడ మీద ఎర్ర గీత గీసిపోయారు. ఇక గుట్టుగా కట్టే వీలు కూడా లేకుండా పోయింది. అడగనివాళ్ళ ర్యాంపులు ఇవాళ్టికీ నిక్షేపంగా ఉన్నాయి.

అయినా పండుగలోపు పర్మిషన్ వస్తుందని నమ్మి పెద్ద బొమ్మకే మట్టి కలిపాడు. రాలేదు. మోరీ మీద వేసిన చెక్కలు బొమ్మ అంచు మోపగానే బరువుకు విరిగాయి. బొమ్మ చేయమని చెప్పినవాళ్ళు చూసి చూసి వేరేచోట తీసుకున్నారు. తాత మళ్ళీ మట్టి ముట్టలేదు. పొద్దున్నే బొమ్మ మీద దుమ్ము దులిపి, మోరీ కేసి చూస్తూ కూర్చునేవాడు. "ఫికర్ చెయ్యకు తాతా" అంటే, "ఇంకేం ఫికర్ బిడ్డా, అయిపాయె" అనేవాడు. మనిషిలో ఆశ చావడం కళ్ళారా చూశాను. నా చేతిలో ఏమీ లేకపోయింది.

పాడె మోరీ దగ్గర ఆగింది. "జర మెల్లగ... ఎత్తుండ్రి, ఎత్తుండ్రి" అని మగవాళ్ళు అరిచారు. బొమ్మలు తీసేటప్పుడు తాత అరిచే మాటలే అవి. చేతుల మీద ఆయన్ని రోడ్డెక్కించారు.

షెడ్డు తలుపు ఎవరూ మూయలేదు. లోపల పెద్ద బొమ్మ రోడ్డు వైపే తిరిగి నిలబడి ఉంది. కళ్ళు ఉండాల్సిన చోట వట్టి తెల్లరంగే ఉంది.