అనాసపళ్ల చొక్కా

ఆదివారం తెల్లవారుజామున నా పై పన్ను ఊడి అరచేతిలో పడ్డట్టు కల వచ్చింది. అలాంటి కల వస్తే ఇంట్లో పెద్దవాళ్లకు కీడని మా పల్లెల్లో అంటారు. పారే నీళ్లకు చెప్పుకుంటే కొట్టుకుపోతుందనీ అంటారు. లేచి వెళ్లి, కుళాయి విప్పి చెప్పుకున్నాను. ఎమ్లిన్ అప్పటికే వరండాలో కూర్చుని గోల్ఫ్ బూట్లు తుడుచుకుంటున్నాడు. మర్నాటి నుంచి పోటీల వారం.

ఎమ్లిన్ నా భర్త. వేల్స్‌లో ముప్పై ఏళ్లు బస్సులు బాగుచేసి, మొదటి భార్య పోయాక మా థాయ్‌లాండ్‌లోని పటాయా వచ్చాడు. నేనప్పుడు ఒక సందు మొదట్లో బండి పెట్టుకుని పచ్చి బొప్పాయి దంచి అమ్మేదాన్ని. కారానికి కళ్లనీళ్లు కారుతున్నా రోజూ వచ్చి తినేవాడు.

"ఎందుకయ్యా నీకీ శిక్ష?" అని అడిగితే, "ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నా. అలవాటు కావాలి కదా" అన్నాడు.

పందొమ్మిదేళ్లు కాపురం చేశాం. తక్కువ మాట్లాడే మనిషి. బువాలై అనే నా పేరు కూడా ఆయన నోట బువా అయింది. వీధిలో ఎవరి మోటారు సైకిలు దగ్గినా పిలవకముందే లేచి వెళ్లేవాడు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు చూసేవాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, గోల్ఫు. ఇక్కడ స్థిరపడ్డ తెల్లవాళ్లు జట్టు కట్టుకుని ఆడతారు. పొద్దున బార్ ముందు వ్యాను ఎక్కి, రోజుకొక మైదానానికి పోతారు. సాయంత్రం అదే బార్‌లో పాయింట్లు చదివి గెలిచినవాడికి చప్పట్లు కొడతారు. ఆ రోజు అందరికంటే వెర్రిపని చేసినవాడికి మాత్రం ఒక చొక్కా తొడుగుతారు. గులాబీ రంగు గుడ్డ మీద ఆకుపచ్చ అనాసపళ్లు. దాన్ని ఇంటిదాకా వేసుకెళ్లి, ఉతికించి, మరుసటి పోటీకి తేవాలి. అప్పటికి పన్నెండేళ్లలో ఆ చొక్కా మా ఇంటికి ఒక్కసారే వచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో డాక్టరమ్మ ఎమ్లిన్ తల ఫొటో చూపించి, మతిమరుపు జబ్బు ముదురుతోందని, ఒంటరిగా బయటికి వదలొద్దని చెప్పింది. కారు తాళాలు ఆయనే నా చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చే దారిలో ఒక్క మాటే అడిగాడు.

"జట్టువాళ్లకి చెప్పకు బువా. తెలిస్తే జాలిపడి ఇంట్లో కూర్చోమంటారు. గోడ చూస్తూ చావలేను."

చెప్పనని మాటిచ్చాను. అక్కడ నలుగురు స్నేహితులుంటారు, ఒంటరి ఎలా అవుతాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోమవారం సాయంత్రం ఆ చొక్కాలోనే కారు దిగాడు. దింపడానికి వచ్చినవాడు జట్టు కెప్టెన్ రాడ్నీ, ఆస్ట్రేలియా మనిషి. ఆయన గొంతు వీధి చివరికి వినిపిస్తుంది.

"బువాలై! నీ మొగుడు తన బంతి అనుకుని హెండ్రిక్ బంతి కొట్టాడు! ఒకసారి కాదు, మూడుసార్లు! దాని మీద అణా కాసంత ఎర్ర చుక్క ఉంది కదరా ముసలోడా, కళ్లెక్కడ పెట్టుకున్నావ్?"

"ఎరుపు నాకిష్టంలే" అన్నాడు ఎమ్లిన్.

రాడ్నీ పగలబడి నవ్వుతూ వెళ్లిపోయాడు. గేటు మూసేలోపే ఎమ్లిన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"బువా, హెండ్రిక్ అంటే ఎవరు?"

హెండ్రిక్ తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో భోంచేస్తున్న మనిషి.

మంగళవారం చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి పంపాను. సాయంత్రానికి మళ్లీ ఆయన ఒంటి మీదే తిరిగొచ్చింది. ఏడో గుంట జెండా వదిలేసి, వెనక్కి తిరిగి, అప్పుడే దాటి వచ్చిన ఆరో గుంట వైపు కొట్టాడట. అక్కడున్న కొరియావాళ్లు తలలు పట్టుకుని పరుగెత్తారట. బార్‌లో అందరూ బల్లలు చరిచి నవ్వారని రాడ్నీ చెప్పాడు. హెండ్రిక్ కూడా కారులో ఉన్నాడు. అతను నవ్వలేదు. నన్ను చూసి ఏదో అనబోయి, కిటికీ అద్దం పైకి ఎత్తేశాడు.

బుధవారం ఆట మా పిన్ని కూతురు పెన్సీ పనిచేసే మైదానంలో. అక్కడ ప్రతి ఆటగాడి వెంటా కర్రల సంచి చూసుకుంటూ ఒక కేడీ నడుస్తుంది. ఎమ్లిన్‌కు ఎప్పుడూ పెన్సీయే కేడీ. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా, బావగారు నా పేరు రెండుసార్లు అడిగారు. తన సంచి చూపించి ఇదెవరిదమ్మా అన్నారు."

"ఇంటికి తీసుకొచ్చెయ్యనా?"

"అదే వింత అక్కా. కర్ర చేతికిస్తే చాలు, పూనకం వచ్చినట్టు కొడుతున్నారు. చేతులకు గుర్తుంది, మనిషికే లేదు."

ఆ రోజు ముప్పై తొమ్మిది పాయింట్లతో ఎమ్లిన్ గెలిచాడు.

"ముసలి దొంగా!" అంటూ రాడ్నీ మా గేటు దగ్గర ఆయన వీపు మీద చరిచాడు. "రెండ్రోజులు వెర్రివాడిలా నటించి ఇవాళ మా అందరినీ ముంచేశావు!"

ఎమ్లిన్ గర్వంగా నా వైపు చూశాడు. నాకూ కాసేపు నటనేనేమో అనిపించింది. అలా అనిపించాలని నేనే కోరుకున్నాను.

పెన్సీ మాత్రం మళ్లీ ఫోన్ చేసింది. "శుక్రవారం ఆట మా దగ్గర కాదక్కా, కర్రపెండలం తోటల అవతల కొత్త మైదానంలో. అక్కడ ఆయన పక్కన నేనుండను. కెప్టెన్‌కి చెప్పెయ్యి."

"చెబుతాలే."

"చెబుతాలే కాదు. చెప్పు."

గురువారం ఆట లేదు. భోజనానికి కూర్చుంటూ ఎమ్లిన్ మూడో కంచం తెచ్చి పెట్టాడు.

"మీ అమ్మ ఇంకా రాలేదేం?"

మా అమ్మ పోయి ఆరేళ్లు. "ఎండ తగ్గాక వస్తుందిలే" అన్నాను. ఆ కంచంలో ఆయనే అన్నం వడ్డించాడు, చేప ముక్క వేశాడు, ఈగలు వాలకుండా మూత పెట్టాడు. సాయంత్రందాకా ఆ మూత తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. రేపు చెప్పి తీరాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ఎండ మండిపోతోంది. పాత సీసాలోని నూనెలా గాలి కదలడం లేదు. ఆయన వెంట నేనూ బార్ దాకా వెళ్లాను. ఎమ్లిన్ వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రాడ్నీ బయట నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"రాడ్నీ, ఒక మాట చెప్పాలి."

"చెప్పమ్మా. నీ మొగుడు ఇవాళ కూడా మమ్మల్ని దోచుకుంటాడని ముందే హెచ్చరిస్తున్నావా ఏంటి?"

వ్యానులోవాళ్లు నవ్వారు. కిటికీలోంచి ఎమ్లిన్ నన్నే చూస్తున్నాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. నేనేం చెబుతానో ఆయనకు తెలిసిపోయింది. ఆ వారంలో ఎప్పుడూ ఆయన కళ్లు అంత తేటగా లేవు.

"ఎండ ఎక్కువగా ఉంది. ఆయన చేత మంచినీళ్లు బాగా తాగించండి."

"అంతేనా? తాగిస్తాం, తాగిస్తాం!"

వ్యాను వెళ్లిపోయింది. ఖాళీ రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాను. వెనక నుంచి మోటారు సైకిలు మీద వెళ్లి ఆపొచ్చు కదా అనిపించింది. ఇంటికి వచ్చి బియ్యం కడిగాను.

రెండున్నరకు రాడ్నీ ఫోన్ చేశాడు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే హోరు లేదు.

"బువాలై, ఎమ్లిన్ ఇంటికి గానీ వచ్చాడా?"

పదమూడో గుంట దగ్గర ఎమ్లిన్ మూత్రానికి చెట్ల చాటుకు వెళ్లాడట. కేడీ ఆడపిల్ల కాబట్టి అటు తిరిగి నిలబడింది. ఎంతకీ రాకపోతే స్నేహితుల గోల్ఫ్ బండిలో ముందుకు పోయాడనుకుంది. ముందున్న వాళ్లు కేడీతో వస్తున్నాడనుకున్నారు. తరవాత అందరూ కలిసి, వడ కొట్టి క్లబ్బుకు వెళ్లిపోయి ఉంటాడనుకున్నారు. అట్లా అనుకుంటూ ఇంకో రెండు గుంటలు ఆడారు.

నేను వెళ్లేసరికి కేడీలు, తోటపనివాళ్లు, జట్టువాళ్లు పెండలం చాళ్లలో అరుస్తూ తిరుగుతున్నారు. ఎన్ని గొంతులు పిలిచినా ఆ పొలాల్లోంచి బదులు రాలేదు. కుక్క కూడా మొరగలేదు. అయిదున్నరకు ఒక ట్రాక్టరు మనిషి చెయ్యి ఊపాడు. మైదానానికి కోసున్నర దూరంలో, నీలగిరి చెట్ల వరస మొదట్లో ఎమ్లిన్ పడుకుని ఉన్నాడు. బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి లోపల పెట్టి, రెండూ పక్కపక్కన సర్దాడు. మా గుమ్మం ముందు రోజూ విప్పినట్టే. ఇల్లు వచ్చేసిందనుకున్నాడు. ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది, అది ఎండ వేడి.

దహనం రోజున జట్టంతా నల్ల చొక్కాలతో గుడికి వచ్చారు. బౌద్ధ సన్యాసుల మంత్రాలు అయ్యాక రాడ్నీ నా పక్కన కూర్చున్నాడు.

"బువాలై, నీకు ముందే తెలుసా?"

తెలియదని అనొచ్చు. అంటే ఎమ్లిన్‌కిచ్చిన మాటా నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది.

"తెలుసు. ఫిబ్రవరి నుంచి."

"మాకూ మంగళవారం నుంచి అనుమానమే. హెండ్రిక్ అననే అన్నాడు. మేం అడిగితే ఎమ్లిన్ చిన్నబుచ్చుకుంటాడు, నువ్వే చెబుతావులే అని ఊరుకున్నాం. శుక్రవారం నువ్వొచ్చి నిలబడితే, అమ్మయ్య, చెప్పేస్తోంది అనుకున్నాను. నీళ్లు తాగించమన్నావు."

"తాగించారా?"

"తాగించాం. రెండు సీసాలు."

పెన్సీ వచ్చింది. దహనానికి ముందు ఒక్కొక్కరూ శవపేటిక దగ్గర ఉంచే చెక్కపువ్వు నా చేతిలో పెట్టి, "మన వరస వచ్చిందక్కా" అంది. పళ్లెంలోంచి ఇంకొకటి తీసి రాడ్నీకిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఇద్దరం దహనశాల మెట్లెక్కాం.