ఏడు వందల పన్నెండో నంబరు చొక్కా

మా అక్కని లాండ్రీలో అందరూ నురగమ్మ అనేవారు. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా పెనిమిటి అన్నగారి భార్య, నాకు తోటికోడలు. నురగ మోచేతుల దాకా రాకపోతే బట్ట ఉతికినట్టే కాదని ఆవిడ పట్టు. నేను అదే లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేదాన్ని. ఆవిడ ఉతికినదానికి నేనూ, నేను ఇస్త్రీ చేసినదానికి ఆవిడా వంకలు పెట్టుకుంటూ ముప్పయ్యేళ్ళు గడిపాం. మొగుళ్ళతో కూడా అంతకాలం కాపురం చెయ్యలేదు ఇద్దరం. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు రాస్తే వంక పెట్టేవాళ్ళు లేరు గనక రాస్తున్నాను.

అది సిపాయిల లాండ్రీ. రేకుల కప్పు, వరసగా సిమెంటు తొట్లు, గోడకి నిబంధనల బోర్డు. అక్కడ ఏ వస్తువునీ దాని పేరుతో పిలవరు. చీపురు అంటే "నేల శుభ్రపరచు సాధనం, పొడుగు పిడి, ఒకటి". చొక్కా తొడుక్కునేవాడు "ధారణదారు". నేను మూడో తరగతి దాకా చదివాను, అక్క బడి గుమ్మమే ఎక్కలేదు. అందుకని వచ్చిన కాగితమల్లా నేనే చదివి పెట్టేదాన్ని. సగం అర్థమయ్యేది కాదు. కాలేదని చెప్పే అలవాటు నాకు లేదు.

అక్క కొడుకు అదే శిబిరంలో సిపాయి. ఒక్కడే బిడ్డ. చిన్నప్పుడు నా బల్ల చుట్టూ ఆడుతుంటే ఇస్త్రీ పెట్టె తగిలి ఎడం చేతి మీద అరచేయంత మచ్చ పడింది. పెద్దయ్యాక ఎంత ఎండలోనైనా చొక్కా చేతులు మడిచేవాడు కాదు. "పిన్ని పెట్టిన ముద్ర, అందరికీ చూపిస్తానా?" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఒక్కో సిపాయికి రెండు చొక్కాలు. ఒకటి ఒంటి మీద ఉంటే రెండోది ఉతుకులో. సోమవారం స్టోరు నుంచి మూటలు వస్తాయి, శనివారం లెక్క చూసి తిప్పి పంపుతాం. మెడపట్టీ లోపల ఎర్రదారంతో నంబరు ఉంటుంది. వాడిది ఏడు వందల పన్నెండు. ఆ అంకెలు అక్కే కుట్టింది.

ఒక శుక్రవారం పొద్దున పొగమంచులో పదకొండు మంది గస్తీకి వెళ్ళారు. పదిమంది తిరిగొచ్చారు, మావాడు రాలేదు. ముందు నడిచినవాడు వీడు వెనకున్నాడనుకున్నాడు, వెనకున్నవాడు ముందున్నాడనుకున్నాడు. రాత్రనక పగలనక వెతికారు, టోపీ కూడా దొరకలేదు.

మర్నాడు వాడి రెండో చొక్కా నా బల్ల మీదకొచ్చింది. అక్క వంక చూశాను. "కానియ్యి" అంది. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, మూటలో కట్టి స్టోరుకి పంపేశాం. మా చేతి నుంచి ఒక్క గుడ్డముక్క తగ్గలేదని గొప్ప మాకు. ఆ ఒక్కపూట ఇద్దరం దొంగలమై ఉంటే బాగుండేది.

నెల తిరిగాక కాగితం వచ్చింది. సదరు వ్యక్తి స్థితి, అనిర్ధారిత అనుపస్థితి.

"అంటే ఏమిటే?" అంది అక్క.

"లేడు. కానీ లేడని చెప్పడానికి వీల్లేదు."

"అయితే ఉన్నాడా?"

"అదీ రాయలేదు."

కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "సరే. వాడి చొక్కా ఇచ్చెయ్యమను. ఇంట్లో పెట్టుకుంటాను. నాకింకేం వద్దు."

చొక్కా ఒక్కటి. దండెం మీంచి తీసి చేతిలో పెడితే అయిపోయే పని. స్టోరు గుమాస్తా దగ్గరికి వెళ్ళాం. సన్నగా, భుజాలు ముందుకి వంగి, గట్టిగా పిలిస్తే జడుసుకునే మనిషి. అందరూ మూడు కాపీల బాబు అనేవారు. దాహమంటే కూడా మూడు కాపీల్లో అర్జీ పెట్టమనే రకం.

"ధారణదారు సంతకం కావాలమ్మా" అన్నాడు.

"ధారణదారే కదయ్యా కనబడనిది!" అన్నాను.

"అయితే మరణ ధ్రువీకరణ కావాలి."

"చచ్చాడని మీరు చెప్పందే మేమెక్కణ్ణించి తెస్తాం?"

"చెప్పలేమమ్మా. అనిర్ధారితం కదా."

"పోనీ చిరిగిపోయిందని రాసి పడెయ్యి."

"చిరిగితే నిరుపయోగ వస్త్రాల కమిటీ కూర్చోవాలి. ముగ్గురుండాలి. ఒకాయన బదిలీ అయ్యాడు."

"ఆ కుర్చీలో నేను కూర్చుంటాలే. చిరుగు గుర్తుపట్టడానికి పరీక్ష పాసవ్వాలా?"

ఆయన నవ్వలేదు. బయటి సభ్యుల నియామకానికి వేరే ఫారం ఉందేమో చూస్తానన్నాడు.

నంబరు కొట్టెయ్యలేదు గనక సోమవారం సోమవారం ఆ చొక్కా మూటలో వస్తూనే ఉంది. నా ఇస్త్రీ మడతలు చెదరకుండా వచ్చేది. అక్క ఉతికినదాన్నే ఉతికేది, నేను చేసిన ఇస్త్రీనే చేసేదాన్ని. ఇంతలో తనిఖీ అధికారి వచ్చి చూశాడు. మాయని బట్ట ఉతకడం సబ్బు దుర్వినియోగమట. వాడకంలో లేని బట్టని కేంద్ర గిడ్డంగికి పంపెయ్యాలట. ఆ గిడ్డంగికి వెళ్ళిన బట్ట తిరిగొచ్చిన ఆనవాలు లేదు.

తర్వాతి సోమవారం మూట విప్పి, చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మెడ చుట్టూ చెమట గీత. మోచేతుల దగ్గర ముడతలు. వీపు మీద కుర్చీకి ఆనుకున్న నలుగుడు. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మగవాడి ఒంటి వాసన.

"ఎవరో తొడుక్కున్నారు" అన్నాను.

ఆ తర్వాత ప్రతి వారం అంతే. మిగతా ఆడవాళ్ళు దాన్ని ముట్టుకోవడం మానేశారు. ఒకసారి జేబు దగ్గర నీలం సిరా చుక్క కనబడింది. అక్క దాని మీద వేలు పెట్టి, "ఉత్తరం రాస్తున్నాడే వాడు" అంది. ఆవిడ దాన్ని బండకేసి బాదేది కాదు, నురగ రానిచ్చేది కాదు. పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు ఉతికేది. "బొత్తాం ఊడొస్తోంది, చూసుకోవద్దూ?" అని తొట్టితో మాట్లాడేది. నాకు భయమేసి కసిరేదాన్ని. ఇంటికెళ్ళి మాత్రం దుప్పటి తలదాకా కప్పుకునేదాన్ని.

ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను లాండ్రీలో మరిచిపోయిన అన్నం గిన్నె కోసం ఇద్దరం వెళ్ళాం. స్టోరు వెనక సందులోంచి దగ్గర దారి. స్టోరుకి తాళం ఉంది గానీ వెనక కిటికీ తెరిచి ఉంది. లోపల ఎవరో అటు తిరిగి కూర్చున్నారు. సన్నటి భుజాలు. మెడపట్టీ కొంచెం వెనక్కి తిరిగి, లోపలి ఎర్రదారం కనబడుతోంది.

అక్క కిటికీ ఊచలు పట్టుకుంది. "నాన్నా" అంది.

ఆ మనిషి ఉలిక్కిపడి తిరిగాడు. మూడు కాపీల బాబు.

కంగారుగా బొత్తాలు విప్పబోయాడు, వేళ్ళు ఆడలేదు. "అమ్మా... మాయకపోతే గిడ్డంగికి పంపెయ్యమన్నారు. పంపితే ఇంక మీకు దొరకదు. అందుకని ఆదివారాలు కాసేపు తొడుక్కుని..."

"సిరా?" అన్నాను.

"మీ అర్జీలే రాస్తున్నానమ్మా. మూడు కాపీలు కదా."

తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. "మంజూరైంది. నిన్ననే వచ్చింది. అమ్మగారు వేలిముద్ర వేస్తే చొక్కా మీది."

ఊచల మధ్యనుంచి అందుకుని చదివాను. ఇన్నేళ్ళలో ఏ మాటా మిగలకుండా అర్థమైన కాగితం అదొక్కటే.

"ఏం రాసుందే చిన్నదానా?"

"ధారణదారుకి ఈ వస్త్రం ఇకమీదట అవసరపడదని తల్లినైన నేను ధ్రువీకరిస్తున్నాను, అని."

గుమాస్తా సిరా డబ్బా మూత తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అక్క బొటనవేలు అద్దింది. కాగితం మీదకి వంగింది. నేను చోటు చూపించాను. వేలు అక్కడిదాకా వెళ్ళి గాల్లో ఆగింది. ఎంతసేపు ఆగిందో, సిరా ఆరిపోయింది.

వేలు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని కాగితం ఆయనకి తిరిగిచ్చేసింది.

"వచ్చే ఆదివారం కూడా తొడుక్కో బాబూ" అంది. "చేతులు మాత్రం మడవకు. వాడు మడవడు."

ఆయన అప్పటికే మడిచి ఉన్న చేతుల్ని ఒక్కొక్కటే దించుకుని, మణికట్టు దగ్గర బొత్తాలు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆ చొక్కా మాసి వస్తూనే ఉంది, అక్క ఉతుకుతూనే ఉంది. ఎవరు తొడుక్కున్నారో ఇద్దరికీ తెలుసు. ఎడం చెయ్యి ఇస్త్రీ చేసేటప్పుడు నేను పెట్టె కాస్త పైకెత్తే తోసేదాన్ని. ఒక్కసారి గుమాస్తాకి జ్వరమొచ్చి, చొక్కా నా ఇస్త్రీ మడతలతోనే తిరిగొచ్చింది. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు.