కోయంబత్తూరు నుంచి మదురైకి, మబ్బుల మీదుగా

వెన్నుకు ఆపరేషన్ అయ్యాక మా అత్తను గంటల తరబడి కార్లో కూర్చోనివ్వొద్దని డాక్టరు చెప్పేశారు. ఆమె మా నాన్నకు అక్క. మదురైకి పడమట, కొండల కిందుండే పెరియకుళం మామిడితోటల్లో పుట్టి, పెళ్లయి కోయంబత్తూరు పక్క కారమడై వచ్చిన మనిషి. మదురైలో ఉన్న చెల్లెల్ని చూసి చాలాకాలమైంది. పోయిన ఏడాది ఒకరోజు నన్ను పిలిచి, "నన్ను ప్లేనులో తీసుకొని పో కణ్ణూ" అంది.

ఫోన్లో చూశాను. కోయంబత్తూరు నుంచి మదురైకి గాలిలో దూరం ఎంతో లేదు, ఎగిరితే అరగంట పైచిలుకు. కానీ నేరుగా పోయే విమానం ఒక్కటీ కనిపించలేదు. ముందు చెన్నై పోవాలి, అక్కడ ఇంకోటి ఎక్కాలి.

"మదురైకి పొయ్యేదానికి మద్రాసు ఎందుకు పోవాల?"

"దారి అట్లే ఉండాదత్తా. నడుమ దిగి కాస్త నడవొచ్చు, నీ వెన్నుకు మంచిది."

"సరి, పోదాం" అంది, ఊరు చుట్టి వచ్చే దారి తనకు అలవాటే అన్నట్టు.

చెన్నైలో రెండో విమానం ఎక్కాక ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పైకి లేచేసరికి కింద అంతా తెల్లటి మబ్బు, ఆరబోసిన పత్తిలా. చాలాసేపు చూసింది.

"ఇది నిలబడిపోయిందా?"

"లేదత్తా, పోతానే ఉండాది."

"ఊర్లేవీ రాలేదే."

పెళ్లికూతురుగా పెరియకుళం నుంచి బస్సులో వచ్చిన రోజు గురించి చెప్పసాగింది. ఒళ్లో మల్లెపూల పొట్లం, కిటికీలోంచి దుమ్ము. వత్తలగుండు, పళని, ఉడుమలై, పొళ్లాచ్చి... ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే అంటూ అంటూ నిద్రలోకి జారింది. మేం ఎగురుతున్నది ఆ దారి మీద కాదని నాకు తెలుసు. అయినా ఆ తెల్లదనం కింద ఎక్కడో ఆ బస్సు ఇంకా మెల్లగా పోతున్నట్టే అనిపించింది. కాసేపు నాకూ కళ్లు మూతలు పడ్డాయి.

విమానం దిగుతుండగా మబ్బు విడిపోయింది. నల్ల చేలు, వాటి నడుమ మెరిసే నీళ్లు, పడమట నీలంగా కొండల వరస. అత్త నిద్రలేచి అద్దానికి ముఖం ఆనించింది.

"అదో, మా కొండ."

అది ఏ కొండో నాకు తెలియదు. "అవునత్తా" అన్నాను.

బయట చిన్నత్త ఎదురొచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుంది. "ఎట్ల వస్తివక్కా? వెన్ను నొచ్చిందా?"

"ఏమీ తెలీలేదే. నిద్దరపోయి లేస్తిని, నువ్వుండావు."

చిన్నత్త నవ్వబోయి ఏడ్చింది. ఇద్దరూ అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. మాట తెలుగులో మొదలై అరవంలోకి పోయి, మళ్లీ తెలుగులోకి వచ్చేది. పొద్దు వాలుతోంది. కార్లో వచ్చుంటే మధ్యాహ్నం భోజనానికే చేరేవాళ్లం.

నాలుగు రోజులని వచ్చిన అత్త, తిరుగు టికెట్టు నాతో రెండుసార్లు మార్పించింది.