పేర్లు రాయని ప్యాచ్‌బే

నా చిన్నప్పుడు నేను మనసార అసహ్యించుకున్న మొదటి మనిషి ఒక సౌండు ఇంజనీరు. అప్పటికి నాకు పదకొండేండ్లు. దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన కోరుట్లల బట్టల దుకాణం మీది అంతస్తుల రికార్డింగు స్టూడియో పెట్టిండు. మిషిన్లయితే కొన్నడు గని వాటిని నడిపేటోడు మన దిక్కు దొరకలే. అందుకే హైదరాబాదు నుంచి ఈ ఇంజనీరును పట్టుకొచ్చిండు. ఆ గదిల వెలుతురే అంతంత మాత్రం, అయినా ఆయన నల్లద్దాలు తీసేటోడు కాదు. ఆయన మాట సగం ఇంగ్లీషు, సగం ఆవులింత.

మా అమ్మమ్మది గొల్లపల్లి దిక్కు. ఒకల పొలాలల్ల నాట్లేసుకుంట, కలుపు తీసుకుంట బతికిన మనిషి. ఆమె నోట్లె ఉన్నన్ని పాటలు నేను మళ్ల ఎక్కడ వినలే. ఆ ఏడు ఆమె గొంతుల గడ్డ లేసింది. దవాఖానల చేరేదానికి ఇంక ఒక్క రోజే ఉండె. ఆపరేషన్ అయినంక గొంతు వస్తదో రాదో డాక్టర్లే చెప్పలేమన్నరు. మా అమ్మ చెల్లె, అంటే మా చిన్నమ్మ, జగిత్యాల టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ఆపరేటరు. ఉన్న ఆ ఒక్క రోజుల కొన్ని పాటలన్న క్యాసెట్ల ఎక్కించాలని స్టూడియో ఆయనను బతిమిలాడి ఒప్పించింది. అమ్మమ్మ పాడుతుంటే వెనుక అందుకునేదాన్ని నేనే, అందుకే నన్ను గూడ వెంట తీసుకపోయిన్రు.

పొద్దుగాల్నే పోయినం. ఇంజనీరు అమ్మమ్మను కాళ్ల నుంచి తల దాక చూసి, నాట్ల పాటలు ఎవడు కొంటడని నవ్విండు. అమ్మమ్మ గూడ ఏమనాలెనో తెలువక నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

ఆ గదిల ఇనుప చట్రానికి ఒక నల్ల పట్టీ బిగించి ఉండె. దాన్ని ప్యాచ్‌బే అంటరు. రెండు వరుసలల్ల నలభై ఎనిమిది రంధ్రాలు. మైకులవి, మిక్సరువి, టేపు మిషినువి, అన్ని తీగలు వెనుక నుంచి వచ్చి దానికే కలుస్తయి. ముందట ఒక పొట్టి తీగ తీసుకొని ఈ రంధ్రంల ఒక కొస, ఆ రంధ్రంల ఒక కొస గుచ్చితే, మైకుల పాడింది టేపుకు పోతది. అయితే ఏ రంధ్రం దేనిదో ఎరుకుండాలె. ఈ మహానుభావుడు ఒక్కదాని మీద పేరు రాయలే, అంకె వెయ్యలే. అడిగితే, అంతా తన తలకాయలనే ఉన్నదని కణత మీద వేలుతోని కొట్టుకునేటోడు.

ఆ పూట స్టూడియో ఆయన మా ముందటనే మళ్ల అడిగిండు, జెర పేర్లు రాసిపెట్టరాదు సారూ అని. గంతే. మొఖం మాడ్చుకొని "రాసిస్తే ఇగ నాతోని ఏం పని మీకు?" అన్నడు. గుచ్చి ఉన్న తీగలన్ని గుంజి కింద పారేసి, వేములవాడ బస్సెక్కి పోయిండు. అమ్మమ్మ గోడకు ఆనుకొని కూసున్నది. పోదాం పాండ్రి అన్నది.

చిన్నమ్మ పోనియ్యలే. ఆ పట్టీ ముందట నిలబడి కొంచెం సేపు చూసి, "గిది మా ఎక్స్ఛేంజీ బోర్డుకు తమ్ముడే" అన్నది. ఆమె రోజంతా చేసే పని అదే కదా, ఒక ఊరి తీగ ఇంకో ఊరికి కలుపుడు. నన్ను ఒక్కో మైకు ముందట నిలబెట్టి ఒకే చరణం మళ్లమళ్ల పాడుమన్నది. తాను హెడ్‌ఫోను పెట్టుకొని, దాని తీగ ఒక్కొక్క రంధ్రంల గుచ్చుకుంట, నా గొంతు ఎక్కడ వినిపిస్తే అక్కడ కాగితం మీద రాసుకున్నది. ఒక మైకు పదిహేడో దాంట్లె తేలింది. పక్క మైకు కింది వరుసల ఎక్కడనో చివరకు. కొన్నిటి వెనుక తీగనే లేదు. కొన్ని అతుకులు చెయ్యి తాకితే ఊడివచ్చినయి. మేమంతా గొప్ప విద్య అనుకొని భయపడ్డది ఉత్త గలీజు పని. రాసిపెడితే ఆ గలీజు బయటపడతదనే ఆయన రాయలే.

మధ్యాహ్నం దాక చిన్నమ్మ వెనుక కూసొని తీగలు విప్పి, సోల్డరింగు చేసి, వరుసగ కలిపింది. పై వరుసల వచ్చేటియి, కింది వరుసల పోయేటియి. దెబ్బలకేసే తెల్ల ప్లాస్టరు ముక్కలు కోసి, మైకు ఒకటి, మైకు రెండు, టేపు అని తెలుగుల రాసి అతికించింది. అంతా అయినంక లేసి అవుతలకు పోయి, నన్నే కలుపుమన్నది. నాకు రాదన్న. "నువ్వు చదివి కలపకపోతే నేను చేసింది పనే గాదు బిడ్డా" అన్నది. చదువుకుంట గుచ్చిన. టేపు మిషినుల ముల్లు లేసి ఆడింది. అమ్మమ్మ సాయంత్రం దాక పాడింది. గొంతు పట్టేస్తే గోరువెచ్చని నీళ్లు తాగి మళ్ల పాడింది.

పొద్దు గుంకే యాళ్లకు ఇంజనీరు తిరిగొచ్చిండు. ప్లాస్టరు ముక్కలు చూసి ఎవలు ముట్టిన్రని ఒర్రిండు. నేను ఆగలే, నీకన్న నేనే మంచిగ కలిపిన అన్న. చిన్నమ్మ నా జబ్బ గిచ్చింది. కొత్తగ కలిపిన వరుసంతా రాసిన ఒక కాగితం తీసి, "మీ కోసం గూడ రాసిన సారూ" అని మర్యాదగ చేతికిచ్చింది. ఆయన దాన్ని చూడకనే మడిచి జేబుల పెట్టుకున్నడు. మెట్లు దిగుతుంటే, అసుంటోనికి సారు అనుడేంది అని అడిగిన. తనకు రాదని ఎప్పుడు తెలిసిపోతదో అని ఆయన రోజూ భయపడతడు, అసుంటోల్లను చూసి నవ్వద్దు అన్నది.

ఆపరేషన్ అయినంక అమ్మమ్మకు మాట వచ్చింది గని పాట రాలే. ఆ క్యాసెట్ల ఉన్నదే ఆఖరు.

ఇప్పుడు సిరిసిల్లల నాదే ఒక చిన్న రికార్డింగు గది. యూట్యూబుల పెట్టే పాటలు పాడటానికి పిల్లలు వస్తరు. ప్రతి తీగకు రెండు కొసలకు పేరుంటది. కొత్తగ వచ్చినోల్లకు ముందు చదవడం నేర్పి, తర్వాతనే ముట్టనిస్త. ఇదంతా చిన్నమ్మ దగ్గర నేర్చుకున్నదే. నేర్పినదాంట్లె సగమే నాకు అబ్బింది. పని దాచిపెట్టి పెద్దరికం వెలగబెట్టేటోడు ఎదురైతే ఈ వయసుల గూడ నా పెదవి వంకర పోతది. ఆమె లెక్క మర్యాదగ కాగితం చేతికిస్త. సారూ అన్న మాట మాత్రం నోరు దాటి రాదు.